దట్టీ విప్పిన పొద్దు

మస్తానమ్మ ఇంటి ముందర నారాయణ బండి నిలబెట్టి పోయాం కదా పోయిన వారం. ఆ బండి ఇంకా అక్కడే ఉంది. ఎద్దులు నెమరేస్తున్నాయి. ఆ బండి ఎందుకొచ్చిందో ఉప్పురాళ్లపల్లెలో అందరికీ తెలుసు. ముద్దనూరు దోవలో సుంకన్నను నరికిందెవరో కూడా అందరికీ తెలుసు. ఊరిని ఏలే నారపరెడ్డి బావమరిది చలమారెడ్డి. సుంకన్న తన బావి కింది చేను అమ్మనన్నాడని పట్టపగలు నరికాడు. అయితే పులివెందుల పోలీసు స్టేషనుకు పోయి 'నేనే చంపినా' అని ఒప్పుకోవలసినవాడు మాత్రం చలమారెడ్డి కాదు, మస్తానమ్మ ఒక్కగానొక్క కొడుకు వలి బాషా. అది నారపరెడ్డి తీర్పు. ఆ ఊళ్లో దానికి పైన ఇంకో కోర్టు లేదు.

పొద్దు బారెడెక్కింది. రెడ్డి ఇంటి పనిమనిషి వచ్చి వలి బాషాకు తలంటి పోసి పోయింది. రెడ్డి ఇంటినుంచి కొత్త పంచె వచ్చింది, బంతిపూల దండ వచ్చింది. "పిల్లోనికి కడుపునిండా పెట్టి పంపుమ్మా, దూరం పోవాల" అని ఒక గిన్నెడు పాయసం కూడా పంపారు. మస్తానమ్మ ఆ గిన్నెను ఎత్తి పెరట్లో గుమ్మరించింది. "పెండ్లికొడుకును చేసినట్టు చేసి ఉరికంబానికి తోలుతారా? థూ, మీ పాయసం పాడుగాను!" అని అరిచింది.

"అమా, గట్టిగా అరవాకు. విన్నారంటే..." అన్నాడు వలి బాషా.

"విననీరా. ఇంకేం చేస్తారు? రెండుసార్లు ఉరి తీస్తారా?"

వాడు తలవంచుకుని పంచె కుచ్చిళ్లు సర్దుకుంటున్నాడు. మూతిమీద మీసం ఇంకా సరిగా ముదరలేదు. ఆ పంచె వాడికి పొడుగైంది. ఎవరి కొలతకో తెచ్చిన పంచె.

"ఎట్ల పోతావురా? నీకు చెయ్యి రాలేదా, కాలు రాలేదా? ప్రొద్దుటూరికి పారిపోకూడదా? మిల్లులో మీ చిన్నాయన ఉన్నాడు."

"ప్రమాణం చేసినా కదమా. నాయన చేతులమీదుగా చేయించిన ప్రమాణం. ఊరంతా తప్పొచ్చు, ముజావరు కొడుకు తప్పితే నాయన పేరేం కావాల?"

ఆ మాట వినేసరికి మస్తానమ్మకు ఒళ్లంతా మంట పుట్టింది. కొడుకు మీద కాదు, చచ్చిపోయిన మొగుని మీద. ఫకీర్ సాహెబ్ పోయి రెండేళ్లయింది. పోయినవాని మీద ఇంత కోపం వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ ప్రమాణం సంగతి కొత్తగా చదివేవాళ్లకు చెప్పాలి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, పెద్ద కరువు వెనకాలే, కల్లాల మీద దొంగలు పడేవారు. కొట్టిన జొన్నలు తెల్లారేసరికి మాయం. పోలీసులను పిలవాలంటే పులివెందుల పోవాలి. అప్పుడు నారపరెడ్డి ముందుకొచ్చాడు. అబ్బో, ఆనాటి నారపరెడ్డిని చూడాలి! తలపాగా చుట్టుకుని, చేతిలో లాంతరు పట్టుకుని, కల్లం కల్లం తిరిగాడు. తన ఇంటి జొన్నలు తీసి లేనివాళ్లకు పెట్టాడు. ఇంటికొక మనిషి కట్టె పట్టుకుని కావలికి రావాలన్నాడు. వచ్చారు. దొంగలు పారిపోయారు. ఊరంతా రెడ్డిని భుజాల మీద ఎత్తుకుంది. ఆ ఎత్తుకోవడమే ఎత్తుకోవడం, మళ్లీ దింపలేదు.

దొంగలు పోయినా కావలి పోలేదు. కావలివాళ్లు రెడ్డి ఇంటి ముందరే తిని, రెడ్డి ఇంటి ముందరే పండుకున్నారు. కట్టెల స్థానంలో బరిసెలు వచ్చాయి. కావలివాళ్ల తిండికని ఇంటికింత గింజలన్నాడు. ఆ తర్వాత రెడ్డి చేనుకు ఊరి బండ్లు వెట్టికి పోవాలన్నారు. ఆ తర్వాత రెడ్డిని అడగనిదే జమ్మలమడుగు కోర్టు మెట్టెక్కకూడదన్నారు. ఆ తర్వాత ఆడపిల్లను ఏ ఊరికిచ్చేదీ రెడ్డిని అడగాలన్నారు. ఒక్కొక్కటీ చిన్నదే. 'ఇంతమాత్రానికి గొడవెందుకులే' అని ప్రతివాడూ అనుకున్నాడు. అనుకుని అనుకునే ఊరు ఊరంతా వాడి గుప్పిట్లోకి పోయింది.

ఇదంతా గట్టి చేసింది ఆ ప్రమాణం. దొంగలు పారిపోయిన ఏడాదే ఊరి మగవాళ్లందరినీ, మీసం మొలిచిన పిల్లలతో సహా, పీర్ల చావిడి కాడికి పిలిపించాడు రెడ్డి. 'ఊరికోసం రెడ్డి ఏం చెప్పినా కాదనం' అని పీరు మీద చెయ్యి పెట్టి చెప్పాలన్నాడు. పీర్లు హిందువులకూ ముసల్మానులకూ ఒకటే ఆ ఊళ్లో. నెలవంక కనపడ్డాక తప్ప పెట్టెలోంచి బయటికి రావు. అది పీర్ల నెల కాదు. ఫకీర్ సాహెబ్ ఆ పీర్లను కాచే ముజావరు. 'ఇప్పుడు తీయగూడదు రెడ్డీ' అని రెండు చేతులూ జోడించాడు. రెడ్డి మనుషులు బరిసెలు పట్టుకుని పక్కన నిలబడ్డారు. ఫకీర్ సాహెబ్ లోపలికి పోయి, చాలాసేపటికి, పచ్చ దట్టీ గుడ్డ చుట్టి ముడులు బిగించిన పీరును తెచ్చి అరుగుమీద పెట్టాడు. పెట్టెలోవాటన్నింటికంటే పాతది అన్నాడు. అందరూ చెయ్యి పెట్టారు. ఆ దట్టీ ముడి విప్పితే ప్రమాణం తెగుతుంది కాబట్టి ఎవరూ విప్పకూడదని రెడ్డి కట్టడి చేశాడు. అప్పటినుంచి ఆ దట్టీ మూట చావిడి దూలానికి వేలాడుతోంది. తాళంచెవి మస్తానమ్మ కొంగున ఉంది.

మరుసటి ఏడే కొండాపురం దోవలో రెడ్డి మనుషులు ఒకణ్ణి పొడిచారు. గోవిందమ్మ మొగుడు ఆదినారాయణ ప్రమాణం ప్రకారం పోయి ఒప్పుకున్నాడు. యావజ్జీవం పడింది. ఇప్పుడు వలి బాషా వంతు.

వాణ్ణే ఎందుకు ఎంచుకున్నాడంటే, పోయిన నెల పంచాయితీ ఎన్నిక జరిగింది. జమ్మలమడుగు నుంచి ఆఫీసరు వచ్చి, నారపరెడ్డి ప్రెసిడెంటు కావాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. ఊరంతా ఒక్కసారిగా ఎత్తింది. వలి బాషా చెయ్యి మాత్రం కాస్త ఆలస్యంగా లేచింది. అంతే. రెడ్డి కండ్లకు అదొక్కటే కనపడింది.

"ముజావరమ్మా, చావిడి తలుపు తీయాల. రెడ్డి వచ్చినాడు" అని బయటినుంచి కేకేశారు.

పోయే మనిషి చావిడి గడప తాకి, ఆ మూట కింద నిలబడి, మళ్లీ ఒకసారి ప్రమాణం చెప్పి పోవాలి. ఊదు వేయాల్సింది ముజావరు ఇంటివాళ్లు. అంటే కొడుకును సాగనంపడానికి ఊదు వేయాల్సింది కన్నతల్లే. ఇంత దుర్మార్గం ఎక్కడైనా ఉందా?

మస్తానమ్మ కొంగు బిగించింది. కొడుకును వెంటబెట్టుకుని నడిచింది. వెనకే నారాయణ బండి తోలుకొచ్చాడు.

చావిడి ముందర ఊరంతా ఉంది. నారపరెడ్డి పీట వేయించుకుని కూర్చున్నాడు. తెల్లని పంచె, చెవులకు బంగారు పోగులు. మొహం నిండా దయ. ఆ దయే మస్తానమ్మకు అసహ్యం.

"రారా బాషా" అన్నాడు నారపరెడ్డి ప్రేమగా. "ఆ పొద్దు చెయ్యి బరువైంది కదప్పా నీకు? ఈ పొద్దు తేలికైతాది. భయపడాకు. వకీలును పెడతా. మీ అమ్మను నా ఇంటి మనిషి మాదిరి చూసుకుంటా."

గుంపులో గోవిందమ్మ నిలబడి ఉంది. మూడేళ్ల కింద ఇదే మాట ఆమెకూ చెప్పాడు. ఎకరా రాసిస్తానన్నాడు కూడా. ఇప్పుడు రెడ్డి కొట్టంలో పేడ ఎత్తుతోంది.

మస్తానమ్మ తాళం తీసింది. లోపలికి పోయింది. ఊదు వేయలేదు. దూలానికి వేలాడుతున్న మూటను, చూరులో దోపిన కొడవలితో తాడు కోసి, కిందికి దించింది. చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది.

గుంపులో ఒక్కసారిగా గుసగుస లేచింది. "ముజావరమ్మా! ఏం చేస్తాండావు? దించగూడదు!" అని ఎవరో అరిచారు.

"ఇంకా చేయలేదు. ఇప్పుడు చేస్తా, చూడండి."

అరుగుమీద కూర్చుని మూటను ఒళ్లో పెట్టుకుంది. మొదటి ముడి పట్టింది. నాలుగేళ్ల ముడి, బిగుసుకుపోయింది. పండ్లతో లాగింది. ఆడవాళ్లు కొందరు కండ్లు మూసుకున్నారు. పక్కనున్న ముసలాయన "యా హుసేన్" అంటూ వెనక్కి జరిగాడు.

నారపరెడ్డి పీటమీదినుంచి లేచాడు. "పట్టుకోండ్రా ఆ ముసల్దాన్ని!"

ఎవరూ కదలలేదు. కావలివాళ్లకూ దాన్ని ముట్టుకోవాలంటే భయమే. ముట్టుకోవద్దని నేర్పింది ఈ రెడ్డే మరి!

పచ్చ దట్టీ ఊడింది. దాని కింద ఎర్రగుడ్డ. అదీ ఊడింది. మస్తానమ్మ లోపలున్నదాన్ని తీసి ఎండలో పైకెత్తి పట్టుకుంది.

అది పీరు కాదు. దూది ఏకే కట్టె.

దూదేకుల ఇండ్లలో ఏకుడు విల్లు తాడుమీద కొట్టే కట్టె. పట్టుకునే చోట నున్నగా అరిగిపోయింది. ఆ ఊళ్లో ప్రతి పరుపూ, ప్రతి బొంతా ఫకీర్ సాహెబ్ ఆ కట్టెతోనే ఏకాడు. చూడగానే అందరూ గుర్తుపట్టారు. 

"చూసినారా? దీనిమీద చెయ్యి పెట్టినారు మీరంతా. మా ఆయన కట్టె మీద. ఆ పొద్దు బరిసెలు చూసి మా ఆయన లోపలికి పోయినాడు. పీరును ఈ పాపానికి సాక్షిగా పెట్టలేనని ఏడ్చినాడు. కాదంటే చంపుతారు. అందుకని మూలనున్న కట్టె తీసి దట్టీ చుట్టినాడు. ప్రమాణమూ లేదు, పాడూ లేదు. ఎవడూ ఎవనికీ కట్టుపడి లేడు. నా కొడుకు అంతకంటే లేడు!"

నారపరెడ్డి నవ్వాడు. నవ్వడం వాడికి బాగా వచ్చు. "కొడుకు పోతాండాడని మతి చెడింది పాపం. పీరును దాచిపెట్టి కట్టె చుట్టుకొచ్చింది. దొంగముండ. ఇదంతా ఈ పొద్దు పొద్దున చేసిన పని."

అప్పుడు బండి నారాయణ మెల్లగా ముందుకొచ్చాడు. వాడు గుంపులో మాట్లాడిన మనిషి కాదు. కట్టెను చేతిలోకి తీసుకుని చివర చూశాడు. పగిలిన చోట రాగితీగ చుట్టి ఉంది.

"ఈ తీగె చుట్టింది నేను" అన్నాడు నారాయణ. "కరువు ఏడు. ఫకీర్ మామ అడిగితే బండి సామాన్లోంచి తీసి చుట్టినా. ఆ తర్వాత మామ కొత్త కట్టె చేయించుకున్నాడు. పాతది యాడుందని అడిగితే పోయిందిలే అన్నాడు." ఆగి, తనలో తాను అనుకున్నట్టు, "పోలేదు, ఈడుంది" అన్నాడు.

గుంపు కదిలింది. గాలికి జొన్నచేను కదిలినట్టు ఒక చివరినుంచి ఇంకో చివరికి.  అయిపోయింది, గెలిచినా, నా బిడ్డ బతికినాడు అనుకుంది మస్తానమ్మ.

అప్పుడే గోవిందమ్మ గొంతు వినపడింది.

"ఎప్పుడు తెలిసింది వదినా నీకు?"

మస్తానమ్మ తలెత్తలేకపోయింది. అబద్ధం చెప్పొచ్చు. మొన్ననే తెలిసిందనొచ్చు. నోరు రాలేదు.

"ఆ పొద్దే. ఇంటికొచ్చి చెప్పినాడు."

"అయితే మా ఆయన దండేసుకుని పోయేనాటికి నీకు తెలుసు."

"తెలుసు."

"నువ్వే కదా ఊదు వేసింది. నా పక్కనే నిలబడి వేసినావు. నేను ఏడుస్తాంటే నా వీపు నిమిరినావు."

"నిమిరినా."

"నిమిరిన చెయ్యి యాల విప్పలేదే ఈ ముడి?" గోవిందమ్మ గుంపును తోసుకుని ముందుకొచ్చింది. "నా పిల్లోళ్లు నాయన ఎట్లుంటాడో మర్చిపోయినారు. పేడ ఎత్తుతాండా నేను. నీ కొడుకు వంతు వచ్చినాక లేసిందా నీ నోరు? థూ!"

ఆమె నిజంగానే ఉమ్మింది. మస్తానమ్మ కాళ్ల ముందర పడింది.

ఏం చెప్తుంది? భయపడ్డానని చెప్పొచ్చు. మొగుడి పేరు పోతుందనుకున్నానని చెప్పొచ్చు. ఊరు ఊరంతా అట్లే ఉంది కదా, నేనొక్కదాన్నేనా అనొచ్చు. అన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ కలిపినా గోవిందమ్మ మొగుడు జైల్లోంచి రాడు.

"అవును. నా కొడుకు వంతు వచ్చినాకే లేసింది" అంది మస్తానమ్మ. "తప్పే. కొట్టు."

కట్టెను ఆమె ముందు పెట్టింది. గోవిందమ్మ లాక్కుంది. రెండు చేతులతో పైకెత్తింది. వలి బాషా "అత్తా!" అని అడ్డం రాబోయాడు. నారపరెడ్డి మొహంలో నవ్వు వెడల్పయింది. చేతులు కట్టుకుని వేడుక చూస్తున్నాడు. వాళ్లూ వాళ్లూ తన్నుకుంటే వాడికంటే సంతోషించేవాడెవడు?

గోవిందమ్మకు ఆ నవ్వు కనపడింది.

ఎత్తిన కట్టె ఎత్తినట్టే ఉంది. మెల్లగా దించింది. మస్తానమ్మను వదిలిపెట్టి, నేరుగా రెడ్డి పీట ముందరికి నడిచింది.

"రెడ్డీ, నేనొకటి అడుగుతా. ఆ పొద్దు అందరూ చెయ్యి పెట్టినారు. నువ్వు పెట్టినావా?"

నారపరెడ్డి కనుబొమలు ముడిపడ్డాయి. "నేను పెట్టేదేంది మ్మే? నేను పెట్టించేవాణ్ణి."

"అదే అడిగినా" అంది గోవిందమ్మ. ఊరివైపు తిరిగింది. "విన్నారా అప్పా? మీరు వానికి కట్టుపడినారు. వాడు మీకు కట్టుపడలేదు. పీరైనా, కట్టైనా, వాని చెయ్యి దానిమీద పడలేదు. మీ కండ్ల ముందరే పడలేదు. మా ఆయన పోయేటప్పుడు నాకూ తోచలేదు. మనమంతా ఎంత గొడ్లమో!"

నారపరెడ్డి నవ్వు ఆగిపోయింది. ఇక దయ కూడా లేదు మొహంలో. అసలు మనిషి బయటపడ్డాడు.

"చాలు. ప్రమాణం లేదంటారు, అంతే కదా? సరే, లేదు. ప్రమాణం లేకుంటే ఈ ఊరిని కాచే పూచీ నాకూ లేదు. సుంకన్న కేసులో ఈ పొద్దు మాపటికి పులివెందులలో మనిషి చేరాల. చేరలేదంటే రేపు పోలీసులే ఊళ్లోకి వస్తారు. వాళ్లకు పేర్లు చెప్పేది నేను. ఒకడు పోయేచోట ఇంటికొకడు పోతాడు. ఎవరి ఇంటినుంచి పోవాలో మీరే చెప్పండి."

 తలలు మళ్లీ కిందికి వాలాయి. ఒక్కొక్కరే తమ కొడుకుల వైపు చూసుకున్నారు. ఇదే వాడి బలం. బరిసెలు కాదు, ప్రమాణం కాదు. తన ఇల్లు ఒక్కటీ తప్పించుకుంటే చాలనుకునే మనిషి మనసు. మస్తానమ్మకు ఆ మనసు బాగా తెలుసు. నాలుగేళ్లు దాన్నే కొంగున కట్టుకుని తిరిగింది.

"బాషా, బండెక్కు" అన్నాడు నారపరెడ్డి.

వలి బాషా మెడలోని బంతిపూల దండ తీసి అరుగుమీద పెట్టాడు. "ఎక్కను" అన్నాడు. 

"నేనెక్కుతా" అంది గోవిందమ్మ.

అందరూ తిరిగి చూశారు. కట్టె చేత్తో పట్టుకుని ఆమె అప్పటికే బండి చక్రం మీద కాలు పెట్టింది. "పులివెందులకే కదా బండి? పోతా. సుంకన్నను చంపిందెవరో చెప్తా. కొండాపురం దోవలో పొడిచిందెవరో అదీ చెప్తా. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతా మస్తానమ్మా."

వదినా అనలేదు. ఎన్నేళ్ల వరసో తెగిపోయింది. అయినా మస్తానమ్మ లేచింది. మోకాళ్లు నొప్పి పెడుతుంటే బండి గుంజ పట్టుకుని ఎక్కింది. గోవిందమ్మ చెయ్యి అందివ్వలేదు.

"పోండి, పోండి" అన్నాడు నారపరెడ్డి నెమ్మదిగా. వేలు ఊపాడు. ఇద్దరు కావలివాళ్లు వలి బాషా రెక్కలు పట్టుకున్నారు. "చెప్పొద్దనేదెవరు? వీడు మాత్రం చావిడిలో ఉంటాడు. మీరు స్టేషన్ మెట్టెక్కినారని కబురొచ్చేలోపల, నేను కూడా ఒక మాట ఆలోచించుకుంటా."

మస్తానమ్మ దూకేయబోయింది. దూకి, వాడి కాళ్లు పట్టుకుని, పంపించేస్తా సామీ, జైలుకే పంపించేస్తా, ప్రాణాలతో ఉంటే చాలు అని ఏడవాలనిపించింది. నోటిదాకా వచ్చింది ఆ మాట. బండి పక్క పట్టె మీద చేతులు బిగుసుకున్నాయి.

"అమా!" అని వలి బాషా కేకేశాడు. వాడి మొహంలో భయం ఉంది. కన్నతల్లికి కనపడకుండా ఎలా దాస్తాడు? "దిగాకు. పో. నాయన విప్పలేనిది నువ్వు విప్పినావు. పో అమా."

నారాయణ కాడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రెడ్డి వైపు చూశాడు. నోటితో పొమ్మన్న రెడ్డి, తోలొద్దని తల అడ్డంగా ఊపాడు.  అయినా నారాయణ నొగలెక్కి కూర్చుని ఎద్దులను అదిలించాడు.

బండి కదిలింది. దారిచ్చిన గుంపులోంచి ఎవరూ వెంట రాలేదు, ఎవరూ ఆపలేదు. వెనక చావిడి తలుపు మూశారు. ఆ తలుపు కిర్రుమనే చప్పుడు మస్తానమ్మకు పెండ్లైనప్పటినుంచి తెలుసు. ఆ చప్పుడు విని ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోతానని తెలుసు.

"తల్లీ, వంక కాడ చలమారెడ్డి తోట ఉంది" అన్నాడు నారాయణ తిరక్కుండానే. "వానికి కబురు పోయుంటాది."

"తోలు నాయనా."

గోవిందమ్మ కట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి దాని రెండో చివరను మస్తానమ్మ వైపు జరిపింది. మస్తానమ్మ పట్టుకుంది.

బండి వంక ఇసుకలోకి దిగింది. అవతలి గట్టున, ఎండలో, భుజాన వేటకొడవలి పెట్టుకుని చలమారెడ్డి నిలబడి ఉన్నాడు. రెండడుగులు ముందుకు వేసి ఎద్దు ముక్కుతాడు పట్టుకున్నాడు.